ఫోనులో కారు డేటా: డయళ్ల కంటే లాగ్ విలువైనది

చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ఒకప్పుడు చేయగలిగింది ఒక్కటే. బండిని షెడ్డుకు తీసుకెళ్లి, మెకానిక్ స్కానర్ తగిలించి ఏం చెబుతాడో అని టెన్షన్‌తో ఎదురుచూడటం. ఇప్పుడు అరచేతిలో పట్టే అడాప్టర్, ఫోనులో ఒక యాప్ ఉంటే ఆ పని కారు యజమానే చేసుకోవచ్చు. టార్క్, కార్ స్కానర్, ఓబీడీ ఫ్యూజన్ లాంటి యాప్‌లు లైట్ వెనకున్న కోడ్‌ను చదువుతాయి. ఇంజిన్ వేడి, వేగం, లోపలికి వెళ్లే గాలి, ఇంధనం లెక్కలను రంగురంగుల డయళ్లుగా చూపిస్తాయి. కొన్న కొత్తలో ఆ డయళ్లను చూసి మురిసిపోవడం, తర్వాత అడాప్టర్‌ను గ్లోవ్ బాక్సులో పడేసి మరిచిపోవడం మామూలే. అసలు ఉపయోగం చాలామంది తెరవని మెనూలో ఉంటుంది. అదే లాగింగ్, అంటే ఈ అంకెలను వచ్చినవి వచ్చినట్టు ఒక ఫైల్లో నమోదు చేసుకోవడం.

కదిలే ముల్లు ఆ క్షణపు సంగతి చెప్పి ఊరుకుంటుంది. ఇంజిన్ సెకనుకు 3 గ్రాముల గాలి పీలుస్తోందని డయల్ చూపిస్తే, అది ఎక్కువో తక్కువో మామూలు మనిషికి తెలియదు. మెకానిక్‌కు కూడా ఆ ఒక్క అంకెతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. అదే బండి బాగున్న రోజుల్లో ఎంత పీల్చేదో ఒక ఫైల్లో ఉంటే లెక్క మారిపోతుంది. పోల్చడానికి పుస్తకాల్లోని సగటు విలువలు అక్కర్లేదు, ఆ కారు పాత లాగ్ చాలు.

ఈ సమాచారం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే దాని హద్దులూ అర్థమవుతాయి. స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దాన్నే ఓబీడీ (ఆన్ బోర్డ్ డయాగ్నస్టిక్స్) పోర్టు అంటారు. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి, డీజిల్ కార్లకు 2004 నుంచి ఇది తప్పనిసరి అయింది. ఆ నిబంధనలు మెకానిక్ పని తేలిక చేద్దామని వచ్చినవి కావు, కార్ల పొగను అదుపులో పెట్టడానికి వచ్చినవి. అందుకే ఈ పోర్టు నుంచి ఏ యాప్‌కైనా అందే ప్రామాణిక సమాచారమంతా ఇంధనం మండటం, ఆ పొగ శుభ్రపడటం చుట్టూనే తిరుగుతుంది. బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయి, సస్పెన్షన్ బుష్‌లు పోయాయా, ఇంజిన్ ఆయిల్ ఎంత ఉంది లాంటివి ఆ జాబితాలో ఉండవు. ఏబీఎస్‌కు, ఎయిర్‌బ్యాగ్‌కు విడిగా కంప్యూటర్లు ఉన్నా, వాటితో మాట్లాడే పద్ధతి కంపెనీకో రకం. కాబట్టి యాప్‌లో ‘లోపాలేమీ లేవు’ అని ఆకుపచ్చ టిక్ కనిపించినంత మాత్రాన బండి భేషుగ్గా ఉందని కాదు. పొగకు సంబంధించి ఇంజిన్ కంప్యూటర్‌కు ప్రస్తుతం ఫిర్యాదు లేదు, అంతే.

అడిగితేనే చెబుతుంది

డయల్ మీద ముల్లు సాఫీగా కదులుతుంటే కారులోంచి సమాచారం ధారగా వచ్చేస్తోందనిపిస్తుంది. నిజానికి యాప్ ఒక్కో అంకెనూ విడిగా అడుగుతుంది, ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, జవాబిస్తుంది. ఆ తర్వాతే ఇంకో ప్రశ్న. ఒక్కో అంశానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని పీఐడీ అంటారు. ఇంజిన్ ఆర్‌పీఎం ఎంత అని అడిగితే రెండు బైట్లు తిరిగొస్తాయి. మొదటిది 11, రెండోది 184 అనుకుందాం. మొదటిదాన్ని 256తో గుణించి రెండోది కలిపితే 3000. దాన్ని 4తో భాగిస్తే 750. అంటే ఇంజిన్ ఐడ్లింగ్‌లో, బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, నిమిషానికి 750 చుట్లు తిరుగుతోంది. కూలెంట్ వేడికి ఒక్క బైటే, అందులోంచి 40 తీసేస్తే సెల్సియస్ డిగ్రీలు వచ్చేస్తాయి. 130 వస్తే 90 డిగ్రీలన్నమాట. ఈ సూత్రాలు అన్ని కంపెనీలకూ ఒకటే కాబట్టి ఒకే యాప్ ఏ కారుతోనైనా మాట్లాడగలుగుతోంది.

కారుకూ ఫోనుకూ మధ్య దుబాసీ పని చేసేది అడాప్టర్. కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ఈఎల్ఎం327 అనే చిప్ ఈ రంగానికి మూలం. ఆ చిప్ మొదటి వెర్షన్‌లో కాపీ కాకుండా అడ్డుకునే రక్షణ పెట్టకపోవడంతో నకళ్లు వెల్లువెత్తాయి. ఆ కంపెనీ ఎన్నడూ విడుదల చేయని ‘1.5 వెర్షన్’ కూడా మార్కెట్లో దొరుకుతుందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. ఎల్మ్ 2022లో మూతపడింది, నకళ్లు మాత్రం రాజ్యమేలుతున్నాయి. అన్నీ పనికిరానివని కాదు. కోడ్ చదవడానికి, నాలుగైదు అంకెలు చూడటానికి చాలావరకు సరిపోతాయి. లాగింగ్ దగ్గరికి వచ్చేసరికి అసలు రంగు బయటపడుతుంది. జవాబు ఆలస్యం కావడం, మధ్యలో బ్లూటూత్ తెగిపోవడం, పొడవైన జవాబుల్లో ముక్కలు ఎగిరిపోవడం లాంటి తంటాలన్నీ అప్పుడే మొదలవుతాయి. ఓబీడీలింక్ లాంటి తయారీదార్లు సొంత చిప్‌తో చేసే అడాప్టర్లకు ఎక్కువ పెట్టాల్సి వచ్చేది ఈ వేగం, నిలకడ కోసమే.

ఐఫోన్ వాడేవారు కొనేముందు ఒకటి చూసుకోవాలి. పాతరకం బ్లూటూత్ అడాప్టర్లు చాలావరకు ఐఫోన్‌తో కలవవు. బ్లూటూత్ లో ఎనర్జీ రకమో, వైఫై రకమో కావాలి. వైఫై రకమైతే ఫోను అడాప్టర్‌కే కనెక్ట్ అయి ఉంటుంది కాబట్టి దారి చూపే మ్యాప్‌కు ఇంటర్నెట్ ఇబ్బంది రావచ్చు.

ఒకదాని తర్వాత ఒకటి అడిగే ఈ పద్ధతి వల్ల లాగ్ చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, అంశాలు పెరిగేకొద్దీ ఒక్కోదాని వంతు ఆలస్యమవుతుంది. అడాప్టర్ సెకనుకు పది జవాబులు తెస్తుంటే, ఇరవై అంశాలు ఎంచుకున్నవారికి ఒక్కో అంకె రెండు సెకన్లకోసారి వస్తుంది. ‘ఎందుకైనా మంచిది’ అని కనిపించిన ప్రతి పెట్టెలో టిక్ పెట్టి లాగ్ చేస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. లాగ్ ఫైల్లో ఒకే వరుసలో పక్కపక్కన కనిపించే అంకెలు కూడా ఒకే క్షణానివి కావు. యాక్సిలరేటర్ నొక్కిన సంగతి ముందు నమోదై, దానికి ఇంజిన్ స్పందన సెకను తర్వాత నమోదైతే, లేని జాప్యం ఉన్నట్టు కనిపిస్తుంది. పికప్ తగ్గిందన్న అనుమానంతో లాగ్ చూసేవారు ఇక్కడే పొరబడతారు. కొత్త కార్లలో కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి వాడే క్యాన్ పద్ధతిలో ఒకే ప్రశ్నలో ఆరు పీఐడీల వరకు అడిగే వీలుంది. యాప్ సెట్టింగుల్లో ఆ సదుపాయం ఉండి, కారూ అడాప్టరూ ఒప్పుకుంటే ఆన్ చేసుకోవడం మంచిది.

రెండోది ఇంకా మౌలికమైనది. 3000 ఆర్‌పీఎం దగ్గర నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సెకనుకు వంద సార్లు ఇంధనం మండుతుంది, అంటే 10 మిల్లీసెకన్లకు ఒకసారి. సెకనుకు ఒకటి రెండు సార్లు తొంగిచూసే యాప్‌కు ఒక మిస్‌ఫైర్, అంటే ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం, దొరకడం దాదాపు అసాధ్యం. మిస్‌ఫైర్లను పట్టుకునేది ఈసీయూనే. క్రాంక్ షాఫ్ట్ తిరిగే వేగంలో వచ్చే చిన్న తడబాటును బట్టి లెక్క కడుతుంది. యాప్ ఆ లెక్కను తర్వాత అడిగి తెచ్చుకోగలదు, అంతే. ఫోను లాగ్ నెమ్మదిగా మారే విషయాలకు పనికొస్తుంది. రెప్పపాటులో జరిగిపోయేవాటికి షెడ్డులో ఆసిలోస్కోప్ (క్షణక్షణం మారే విద్యుత్ సంకేతాన్ని గీతగా చూపే పరికరం) ఉన్న మనిషే దిక్కు.

ఫ్యూయల్ ట్రిమ్ అనే రెండు కాలమ్‌లు

పెట్రోలు కారులో ఏదో ఒక్కటే లాగ్ చేసే వీలుంటే ఎంచుకోవాల్సింది ఫ్యూయల్ ట్రిమ్. డయల్‌గా చూస్తే దీనంత చప్పటి అంకె ఇంకోటి ఉండదు, లాగ్‌లో దీనంత మాటకారి ఇంకోటి లేదు.

ఈసీయూ లోపలికి వచ్చిన గాలిని చూసి, తన పట్టిక ప్రకారం ఇంత పెట్రోలు చిమ్మాలని ఇంజెక్టర్లకు చెబుతుంది. మండిన తర్వాత ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ మిగిలిన ఆక్సిజన్‌ను చూసి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో కబురు పంపుతుంది. దాన్ని బట్టి ఈసీయూ తన లెక్కను దిద్దుకుంటుంది. ఆ దిద్దుబాటు శాతమే ట్రిమ్. షార్ట్ టర్మ్ ట్రిమ్ అప్పటికప్పుడు చేసే సవరణ, నిలకడ లేకుండా ఊగుతూ ఉంటుంది. అదే సవరణ పదేపదే చేయాల్సి వస్తే ఈసీయూ దాన్ని నేర్చుకుని లాంగ్ టర్మ్ ట్రిమ్‌గా దాచుకుంటుంది. చదివేటప్పుడు రెండూ కలిపి చూడాలి. ప్లస్ ఉంటే పట్టికలో ఉన్నదానికంటే ఎక్కువ పోస్తోంది, మైనస్ ఉంటే తగ్గిస్తోంది. రెండూ కలిపి సున్నాకు అటూ ఇటూ 5 శాతం లోపు ఉంటే దిగులు లేదు. 10 దాటి అక్కడే ఉంటే కారణం వెతకాలి. సాధారణంగా 20, 25 శాతం ప్రాంతానికి వెళ్తే గానీ లైట్ వెలగదు.

లైట్ వెలిగి పీ0171 అనే కోడ్ వచ్చిందనుకుందాం. ఇంజిన్‌లో పెట్రోలు పాలు తక్కువగా, గాలి ఎక్కువగా ఉందని దాని అర్థం. ఇంటర్నెట్‌లో వెతికితే ఆక్సిజన్ సెన్సర్ మార్చమని ఒకరు, ఫ్యూయల్ పంప్ అని ఇంకొకరు, గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ అని మరొకరు అంటారు. అందరి మాటా ఒక్కో కారు విషయంలో నిజమే. కోడ్ చెప్పేది లక్షణం, పోయిన సామాను పేరు కాదు. ఇప్పుడు లాగ్ తీయాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం పట్టి ఉంచితే చాలు. ఐడ్లింగ్‌లో రెండు ట్రిమ్‌లూ కలిపి ప్లస్ 18 ఉండి, 2500 దగ్గర ప్లస్ 3కు దిగిందంటే అనుమానం గాలి లీకు మీదికి పోవాలి. ఎందుకంటే పగిలిన వాక్యూమ్ గొట్టంలోంచి లోపలికి దూరే దొంగ గాలి కొంచెమే. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చేదే సెకనుకు రెండు మూడు గ్రాములు కాబట్టి ఆ కొంచెమే పెద్ద వాటా అవుతుంది. ఇంజిన్ వేగం పెరిగి గాలి ఎక్కువయ్యే సరికి అదే లీకు లెక్కలోకి రాకుండా పోతుంది. దీనికి తిరగబడి, ఐడ్లింగ్‌లో ప్లస్ 2 ఉన్నది ఎత్తు ఎక్కేటప్పుడో, ఓవర్‌టేక్ చేసేటప్పుడో ప్లస్ 15కు ఎగబాకితే, కావాల్సినంత పెట్రోలు అందడం లేదన్నమాట. ఫ్యూయల్ పంపో, మూసుకుపోయిన ఫిల్టరో, మురికిపట్టి గాలిని తక్కువగా చూపిస్తున్న మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సరో కారణం కావచ్చు.

రెండు సందర్భాల్లోనూ కోడ్ ఒకటే. కోడ్ మాత్రమే చూసి సామాన్లు మార్చుకుంటూ పోయేవారి డబ్బు ఖర్చయ్యేది ఈ తేడా తెలియకే. అయితే ఇది గాలిని నేరుగా కొలిచే ఇంజిన్లకు వర్తించే లెక్క. ఇన్‌టేక్ పీడనాన్ని బట్టి గాలిని అంచనా వేసే ఇంజిన్లలో దొంగ గాలి కూడా పీడనంలో కలిసిపోతుంది కాబట్టి ట్రిమ్ ఇంతగా కదలదు, ఐడ్లింగ్ వేగం పెరగడమో తడబడటమో కనిపిస్తుంది. బండిలో ఏ పద్ధతి ఉందో యాప్‌లోనే తెలుస్తుంది, ఏ పీఐడీలు అందుబాటులో ఉన్నాయో అది చూపిస్తుంది.

లైట్ వెలగకముందే ట్రిమ్ చెప్పే కబురు ఇంకా విలువైనది. బండి బాగున్నప్పుడు ప్లస్ 2 దగ్గర ఉన్నది కొన్ని నెలల తర్వాత ప్లస్ 9 అయిందంటే ఏ లైటూ వెలగదు, ఏ కోడూ రాదు, డ్రైవర్‌కు తేడా తెలియదు. ఈసీయూ ఆ లోపాన్ని సవరణతో కప్పిపుచ్చుతూ నెట్టుకొస్తుంటుంది. పాత లాగ్ లేనివారికి ఆ 9 చూసినా ‘పదిలోపే కదా’ అనిపిస్తుంది.

వేడి, వోల్టేజీ, మైలేజీ

కూలెంట్ వేడి విషయంలో డాష్‌బోర్డు ముల్లును నమ్మడం కష్టం. చాలా కార్లలో అది కావాలనే మొద్దుగా ఉంటుంది, వేడి కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా మధ్యలోనే నిలబడుతుంది. లాగ్‌లో అసలు గీత కనిపిస్తుంది. చల్లని ఇంజిన్ నుంచి 90 ప్రాంతానికి ఎక్కి అక్కడ చిన్నగా ఊగుతుంటే, రేడియేటర్‌కు కూలెంట్‌ను వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్, పని చేస్తోంది. వేగంగా వెళ్తున్నప్పుడు 70కి జారి, ఆగినప్పుడు మళ్లీ ఎక్కుతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రమే 100 దాటి ఎగబాకుతుంటే రేడియేటర్ ఫ్యాన్ వైపు చూడాలి. సెన్సర్‌నే అనుమానించాల్సి వస్తే ఒక చిన్న పరీక్ష ఉంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఉదయం స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేస్తే కూలెంట్ వేడి, ఇన్‌టేక్ గాలి వేడి దాదాపు ఒకే అంకె చూపాలి. ఇరవై డిగ్రీల తేడా ఉంటే ఏదో ఒకటి అబద్ధం చెబుతోంది.

వోల్టేజీ సంగతి చిన్నదే. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వల్ల 13.8 నుంచి 14.5 వరకు చూపుతుంది. కొత్త కార్లలో ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్‌ను ఈసీయూనే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి అంకె కిందికి దిగగానే కంగారుపడి ఆల్టర్నేటర్ మార్చేయకూడదు.

మైలేజీ దగ్గర యాప్‌లు కొంచెం ఎక్కువ నమ్మకంగా మాట్లాడతాయి. చాలా కార్లు ఎంత పెట్రోలు కాలుతోందో నేరుగా చెప్పవు, యాప్ లెక్క కడుతుంది. ఐడ్లింగ్‌లో గాలి సెకనుకు 3 గ్రాములు అనుకుంటే, 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు చొప్పున సెకనుకు 0.204 గ్రాములు. గంటకు 735 గ్రాములు. లీటరు పెట్రోలు 745 గ్రాములనుకుంటే గంటకు సుమారు ఒక లీటరు. లెక్క బాగానే ఉంది, కానీ గాలి సెన్సర్ 8 శాతం తప్పు చెబితే మైలేజీ కూడా అంతే తప్పుతుంది. గాలి సెన్సర్ లేని కారులో యాప్ ఇంజిన్ సైజును, పీడనాన్ని, ఒక ఊహాత్మక సామర్థ్య శాతాన్ని పట్టుకుని ఇంకా పెద్ద అంచనా వేస్తుంది. డీజిల్ ఇంజిన్‌కు ఈ 14.7 సూత్రం అసలు కుదరదు, అక్కడ గాలి ఎప్పుడూ అవసరానికి మించే ఉంటుంది, మండే నిష్పత్తి క్షణక్షణం మారుతుంది. ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నింపేదాకా తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించే పాత పద్ధతే అసలు కొలత. దాంతో యాప్‌ను ఒకటి రెండు సార్లు సరిచూసుకుంటే, ఏ దారిలో ఎక్కువ తాగుతోంది, ఏ డ్రైవింగ్‌కు తక్కువ తాగుతోంది అని పోల్చడానికి యాప్ పనికొస్తుంది.

యాప్ చూపే వేగం డాష్‌బోర్డు కంటే తక్కువగా ఉంటే అది యాప్ తప్పు కాదు. స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదని, కొంత ఎక్కువ చూపినా ఫర్వాలేదని ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన చెబుతుంది. కంపెనీలు దాన్ని దృష్టిలో పెట్టుకుని డయల్‌ను కాస్త ముందుకు జరుపుతాయి.

కోడ్ చెరిపేసే బటన్

ప్రతి యాప్‌లోనూ కోడ్ చెరిపేసే బటన్ కళ్లకు కొట్టొచ్చినట్టు ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది అదే. దాన్ని నొక్కితే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లోపం నమోదైన క్షణంలో వేగం, ఆర్‌పీఎం, వేడి, లోడ్ (ఇంజిన్ మీద పడే భారం), ట్రిమ్ ఎంతెంత ఉన్నాయో ఈసీయూ దాచిపెట్టుకున్న వివరాలే ఫ్రీజ్ ఫ్రేమ్. మిస్‌ఫైర్ చల్లని ఇంజిన్‌లో వచ్చిందా, 100 కి.మీ. వేగంలో వచ్చిందా అనేది అందులో ఉంటుంది. మెకానిక్‌కు కావాల్సింది అదే. దాన్ని స్క్రీన్‌షాట్ తీయకుండా చెరిపేస్తే, లోపం మళ్లీ వచ్చేదాకా కళ్లు కాయలు కాసేలా చూడాలి.

చెరిపేయగానే ఇంకోటి కూడా జరుగుతుంది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోలు ఆవిరి లాంటివాటిపై ఈసీయూ చేసుకునే సొంత పరీక్షలన్నీ ‘పూర్తి కాలేదు’ స్థితికి వెళ్తాయి. అవి మళ్లీ పూర్తవాలంటే చల్లని స్టార్ట్, స్థిరమైన వేగం లాంటి షరతులు కుదిరేలా కొన్నాళ్లు నడపాలి. పాత కారు కొనేవారికి ఇది పెద్ద ఆయుధం. అమ్మే మనిషి లైట్ ఆరిపోయి ఉన్న డాష్‌బోర్డు చూపిస్తాడు. యాప్‌లో ‘కోడ్‌లు చెరిపిన తర్వాత తిరిగిన దూరం’ 9 కి.మీ. అని, పరీక్షల్లో సగం పూర్తి కాలేదని కనిపిస్తే, ఆ లైట్ ఎప్పుడు ఆరిందో, ఎవరు ఆర్పారో వేరే అడగక్కర్లేదు. బ్యాటరీ తీసి పెట్టినా చాలా కార్లలో ఇలాగే జరుగుతుంది కాబట్టి అదొక్కటే నేరానికి రుజువు కాదు. అయినా ఇంకో వారం ఆగి మళ్లీ చూస్తానని చెప్పడానికి అది చాలు. కొత్త కార్లలో పర్మనెంట్ కోడ్‌లు అనే రకం ఉంటుంది. వాటిని యాప్ చెరపలేదు. లోపం పోయిందని ఈసీయూ స్వయంగా తేల్చుకుంటేనే పోతాయి.

పెండింగ్ కోడ్‌లు కూడా చూస్తుండాలి. చాలా లోపాలకు ఈసీయూ మొదటిసారికే లైట్ వేయదు, పెండింగ్‌లో పెట్టి, ఇంకో ప్రయాణంలోనూ కనిపిస్తే అప్పుడు ఖాయం చేస్తుంది. లైట్ కంటే ముందే హెచ్చరిక అందేది ఇక్కడ. లైట్ నిలకడగా కాకుండా మిణుకు మిణుకుమంటుంటే మాత్రం లాగ్ తీస్తూ కూర్చోకూడదు. కన్వర్టర్‌ను పాడుచేసేంత మిస్‌ఫైర్ జరుగుతోందని దానర్థం. వేగం తగ్గించి, బండిని పక్కకు ఆపాలి.

ఎలా రాసిపెట్టుకోవాలి

మంచి లాగ్‌కు పెద్ద హంగామా అక్కర్లేదు. ఆర్‌పీఎం, వేగం, కూలెంట్ వేడి, ఇంజిన్ లోడ్, రెండు ట్రిమ్‌లు, గాలి లేదా పీడనం, ఈ ఏడింటితో చాలా సంగతులు తేలతాయి. చల్లని స్టార్ట్ నుంచి మొదలుపెట్టి రోజూ వెళ్లే దారిలోనే ఇరవై నిమిషాలు తీస్తే, తర్వాత తీసేవాటితో పోల్చడం సులువు. ఏసీ వేసి ఉందా, బండిలో ఎంతమంది ఉన్నారు, ఏ సర్వీసు తర్వాత తీసింది అన్నవి ఫైలు పేరులోనో నోట్సులోనో రాసుకోవాలి. ఏసీ కంప్రెసర్ ఆన్ అయితే ఐడ్లింగ్ లోడ్ దానంతటదే పెరుగుతుంది. ఆ ముక్క రాసి లేకపోతే ఏడాది తర్వాత అదే లోపంలా కనిపిస్తుంది. సర్వీసుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి తీసుకుంటే ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు మార్చినందుకు ఏమైనా మారిందో తెలుస్తుంది. యాప్‌లు సీఎస్‌వీ ఫైలుగా ఇస్తాయి, ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తెరిచి గీత గీయొచ్చు. బండి నడుపుతూ ఫోను వైపు చూడకూడదు. ఇంటికొచ్చాక తాపీగా చూసుకోవడానికే కదా లాగ్ ఉన్నది.

అడాప్టర్‌ను పోర్టులోనే వదిలేసే అలవాటుకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. పోర్టులోని 16వ పిన్నుకు ఇంజిన్ ఆపినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. నిద్రపోవడం తెలియని అడాప్టర్ 40 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్. 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న బండిని మూడు వారాలు కదపకపోతే స్టార్ట్ కాకపోవచ్చు. రెండోది భద్రత. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు ఓబీడీ పోర్టులో పెట్టే ఒక సెల్యులార్ పరికరానికి ఎస్సెమ్మెస్‌లు పంపి కార్వెట్ కారు వైపర్లు కదిలించారు, తక్కువ వేగంలో బ్రేకులు వేయించారు. చిన్న బ్లూటూత్ అడాప్టర్‌కు అంత దూరం చేరే శక్తి లేదు గానీ, 1234 పాస్‌వర్డ్‌తో ఎప్పుడూ తెరుచుకుని ఉండే దాన్ని కారులో వదిలేయడం మంచి అలవాటు కాదు. జీపీఎస్‌తో కలిపి తీసిన లాగ్‌ను ఎవరికైనా పంపేముందు మొదటి, చివరి నిమిషాల వరుసలు తీసేయాలి, ఇల్లు, ఆఫీసు వాటిలోనే ఉంటాయి. బండి గుర్తింపు సంఖ్య అయిన వీఐఎన్ నంబరు కూడా కొన్ని రిపోర్టుల్లో చేరిపోతుంది.

ఎలక్ట్రిక్ కార్లకు వచ్చేసరికి ఈ చిత్రమంతా మారుతుంది. పొగే లేదు కాబట్టి పొగ చట్టం అడిగిన పీఐడీలు వాటిలో చాలావరకు ఉండవు. చాలావాటిలో సాకెట్ ఉన్నా, బ్యాటరీ ఆరోగ్యం, సెల్‌ల వోల్టేజీలు లాంటి పనికొచ్చే అంకెలు కంపెనీ సొంత భాషలో ఉంటాయి. నిస్సాన్ లీఫ్ కోసం వచ్చిన లీఫ్‌స్పై యాప్ అందులోని 96 సెల్ జతల వోల్టేజీలను విడివిడిగా చూపగలుగుతోందంటే, ఎవరో కూర్చుని ఆ భాషను ఛేదించబట్టే. వేరే కారుకు ఆ యాప్ పనికిరాదు. ఎలక్ట్రిక్ కార్లలోనూ బ్యాటరీ సమాచారం ప్రామాణికంగా అందాలని కాలిఫోర్నియా 2022లో ఆమోదించిన నిబంధనల్లో చేర్చింది. పెట్రోలు, డీజిల్ కార్లలో కూడా పాత ప్రశ్న జవాబుల పద్ధతి స్థానంలో యూడీఎస్ అనే మరో సంభాషణ పద్ధతి ఆధారంగా నడిచే కొత్త ప్రమాణం వస్తోంది. పాత పీఐడీ ప్రశ్నలు మాత్రమే తెలిసిన యాప్‌లు అలాంటి కార్ల దగ్గర మారకుండా పని చేయవు. ఇప్పుడు అడాప్టర్ కొనేవారు ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయ్యే రకాన్ని, యాప్ ఎంచుకునేవారు ఇంకా అప్‌డేట్లు వస్తున్నదాన్ని చూసుకోవడం మేలు.